గాజు ఇంట్లో బదనిక



మామిడి తోపులో నడిచేటప్పుడు పాత చెట్టు కొమ్మకు పట్టి, లావుపాటి తెల్లని వేళ్లను గాలిలోకి వేలాడదీసిన ఒక మొక్క మీలో చాలామంది కంటపడే ఉంటుంది. పసుపు మీద గోధుమ రంగు గళ్లు వేసినట్టుండే పూలు పూస్తుంది. పల్లెల్లో దాన్ని కూడా బదనిక అనే అంటారు. అయితే అసలు బదనికలాగా అది చెట్టు రసం పీల్చదు. కొమ్మను ఆసరాగా మాత్రం పట్టుకుని, వానలోంచీ గాలిలోంచీ నీటిని తీసుకుంటుంది. అది ఆర్కిడ్ జాతి మొక్క.

ఆ మొక్కను శాస్త్రలోకానికి పరిచయం చేసిన వాడు మన గోదావరి సీమలో పనిచేసిన వైద్యుడే. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఉండి ఇక్కడి చెట్టూ చేమా పరిశీలించాడు. మన దేశపు చిత్రకారులచేత వాటి బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం మొదటి సంపుటి 1795లో లండన్‌లో వెలువడింది. ఈ గళ్ల పూల మొక్క అందులో ఉంది. తరువాత 1820లో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త ఈ ప్రజాతికి ‘వాండా’ అనే పేరును ఖాయం చేశాడు. అది సంస్కృతంలోని ‘వందా’ శబ్దమే. అంటే మన బదనికే!

పేరు సముద్రం దాటింది. మొక్కలూ దాటాయి. అక్కడ వాటికి పట్టిన గతి ఏమిటో, దాని నుంచి ఈనాడు ఇంట్లో ఆర్కిడ్లు పెంచుకునే మనం ఏమి నేర్చుకోవాలో మనవి చేస్తాను.

చలిదేశంలో ఉష్ణదేశపు మొక్కను బతికించాలంటే వేడి కావాలి. ఆ రోజుల్లో ఇంగ్లండు తోటమాలులు గాజు కప్పు వేసిన గదులు కట్టి, గోడలలోని గొట్టాలగుండా బొగ్గు పొయ్యి వేడిని పంపేవారు. తోళ్ల పనికి వాడిన ఓక్ బెరడును గుంటల్లో పోస్తే అది పులిసి వేడెక్కేది. కుండీలను అందులో పాతిపెట్టేవారు. అటువంటి గదికి ‘స్టవ్’ అనే పేరు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కొంచెం లెక్క చెబుతాను, వినండి. 5 డిగ్రీల చలిగాలి ఒక ఘనపు మీటరులో ఇంచుమించు 7 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే మోయగలదు. 25 డిగ్రీల గాలి 23 గ్రాములు మోయగలదు. బయటి చలిగాలిని తెచ్చి గదిలో 25 డిగ్రీలకు వేడి చేస్తే దానిలోని నీరు పెరగదు, దాని దాహం పెరుగుతుంది. నూటికి నూరు పాళ్లు తేమ ఉన్న గాలి ముప్ఫై పాళ్లకు దిగిపోతుంది. అందుకని తోటమాలి నేల మీద, గోడల మీద నీళ్లు చల్లేవాడు. చల్లిన తేమ, కాచిన వేడి పోకుండా కిటికీలు బిగించేవాడు. గదిలో ఉక్క, చీకటి, కదలని గాలి మిగిలేవి.

1830లో జాన్ లిండ్లీ అనే గొప్ప శాస్త్రవేత్త కూడా ఈ పద్ధతినే బలపరిచాడు. చెట్ల మీద పెరిగే ఆర్కిడ్లకు ఎక్కువ వేడి, ఎక్కువ తేమ, దట్టమైన నీడ కావాలని ఆయన సలహా. ఉష్ణదేశమంటే ఎక్కడ చూసినా ఉడుకు, చెమ్మ, చీకటి అడవి అనే ఊహ దాని వెనుక ఉంది. ఫలితం ఏమిటి? వేర్లు కుళ్లాయి. ఓడల్లో మూడు నాలుగు నెలలు ప్రయాణించి, చావగా మిగిలి చేరిన మొక్కలు ఈ గదుల్లో చచ్చాయి. ఉష్ణదేశపు ఆర్కిడ్లకు ఇంగ్లండు శ్మశానమైందని అక్కడివారే చెప్పుకున్నారు. చచ్చిన కొద్దీ కొత్తవి తెప్పించారు. ఇక్కడి కొండల మీద కొమ్మలు బోసిపోయాయి.

దారి చూపిన వారిలో జోసెఫ్ పాక్స్‌టన్ ఒకడు. డెవన్‌షైర్ ప్రభువు చాట్స్‌వర్త్ తోటకు ఆయన పెద్ద. 1835లో జాన్ గిబ్సన్ అనే తోటమాలిని మన దేశానికి పంపించారు. అతడు ఖాసీ కొండల నుంచి అనేక ఆర్కిడ్లను సేకరించి 1837లో తిరిగివెళ్లాడు. అన్నింటినీ ఒకే ఉడుకు గదిలో కుక్కకుండా, వేడిమిని బట్టి వేరు వేరు గదులు ఏర్పరచడం, నేల తడిపి తేమ ఇస్తూనే కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడం పాక్స్‌టన్ పద్ధతి. మొక్కలు బతికాయి, పూశాయి.

ఇంకా స్పష్టంగా చెప్పినవాడు జోసెఫ్ హుకర్. 1850లో ఆయన ఖాసీ కొండల్లో నీలి వాండాను దాని సొంత చోట చూశాడు. అది చీకటి అడవిలో లేదు. పొట్టి ఓక్ చెట్ల మీద, పలుచని ఆకుల మధ్య, ఎండకూ గాలికీ ఎదురుగా ఉంది. వానాకాలంలో కుండపోత, చలికాలంలో పొడిగాలి. మన దేశం నుంచి వెళ్లిన ఈ మొక్కను అక్కడ చీకటి ఉక్కలో పెంచుతున్నారని ఆయన ఎత్తి చూపాడు. ఆయనే ఆ మొక్కను ఏడుగురు మోసేంత సేకరించి పంపాడు. వాటిలో ప్రాణంతో ఇంగ్లండు చేరినవి కొద్దే! జవాబు తెలిసిన మనిషి చేతి మీదుగా కూడా అంత నష్టం జరిగింది.

ఈ చరిత్ర ఇప్పుడెందుకంటారా? నర్సరీలో కొన్న ఆర్కిడ్ కుండీ నేడు మన ఇళ్లల్లోకీ వచ్చింది. మనమూ అదే పొరపాటు చేస్తున్నాం. “తేమ కావాలట” అని రోజూ కుండీలో నీళ్లు పోస్తాం. ఆర్కిడ్ కోరే తేమ గాలిలో ఉండాలి, కుండీ అడుగున కాదు. దాని వేరు చుట్టూ దూదిలాంటి తెల్లని పొర ఉంటుంది. తడిసినప్పుడు అది నీళ్లు పీల్చుకుంటుంది. మళ్లీ ఆరిపోవాలి. ఆరకపోతే కుళ్లుతుంది. అందుకే మట్టికి బదులు బెరడు ముక్కలు, బొగ్గు వాడతారు.

చాలా ఇంటి ఆర్కిడ్లకు గాలిలో 50 నుంచి 70 పాళ్ల తేమ సరిపోతుంది. హైగ్రోమీటరు ఒకటి కొని గోడకు తగిలించండి. ఆపైన మీ ఊరిని బట్టి నడుచుకోండి. బళ్లారిలో, సిరోంచలో ఉన్నవారికి వేసవి మధ్యాహ్నపు పొడిగాలే శత్రువు. వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు పరిచి, నీళ్లు పోసి, కుండీ అడుగు నీటికి తగలకుండా రాళ్ల మీద పెట్టండి. నాలుగైదు మొక్కలను దగ్గరగా ఉంచండి. యానాం, బరంపురం వాసులకు తేమ ఊరకే వస్తుంది. అక్కడ కావలసింది గాలి. చిన్న ఫ్యాను మెల్లగా తిరిగితే ఆకుల మీద చెమ్మ నిలవదు, బూజు పట్టదు. ఏసీ గది మాత్రం ఏ ఊళ్లోనైనా గాలిని పొడిగా చేస్తుందని మరవకండి. నీళ్లు పొద్దుటిపూట పోయండి, రాత్రికి ఆకు మొదళ్లు ఆరిపోతాయి.

హోసూరు శ్రోతలు అదృష్టవంతులు. సీతాకోకచిలుకలాంటి పూల ఫెలనాప్సిస్ మొక్క పూకాడ వేయాలంటే కొన్ని వారాలు వేడి 25 డిగ్రీలకు లోబడి ఉండాలి. చలికాలంలో మీ కిటికీ దగ్గర ఆ చల్లదనం ఖర్చులేకుండా దొరుకుతుంది.

ఒక మాట చెప్పి ముగిస్తాను. అడవిలో కొమ్మ నుంచి ఆర్కిడ్ పీకి తేవద్దు. నీలి వాండాకు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. నర్సరీలో పెంచిన మొక్కనే కొనండి. కొనేటప్పుడు దాని పేరు, దాని పుట్టినచోటు అడగండి. అది కొండ చల్లదనంలో పుట్టిందా, తీరపు ఉక్కలో పుట్టిందా తెలిస్తే సగం పని తెలిసినట్టే. ఆనాటి తోటమాలులు ఆ ప్రశ్న అడగక ముందే పొయ్యి రాజేశారు. మనం మొదట ప్రశ్న అడిగి, తరువాత నీళ్ల చెంబు అందుకుందాం.