మెట్టనేల వారి రేవు

జడ్చర్ల చౌరస్తాలో నిలుచున్నవానికి సముద్రము ఏ దిక్కున చూచినను దూరమే. ఉత్తరమున హైదరాబాదు, దక్షిణమున కర్నూలు, పడమట పాలమూరు మీదుగా రాయచూరు. లారీల వరుసలన్నియు నేలమీది ఊళ్లకే పోవుచుండును. బాదేపల్లి మార్కెట్టులో వేరుశనగ బస్తాలు దింపుకొను రైతునకు ఓడ యనగా వినుటయే గాని కనుట యరుదు. అయినను ఈ సీమకు సాగరముతో తెగని బంధుత్వ మొకటి కలదు. మక్తలు దిక్కున తెలంగాణమున అడుగుపెట్టి, బండరాళ్ల నడుమ పుట్టి తప్ప వేరు నావను నిలువనీయక ప్రవహించు కృష్ణ, తుదకు హంసలదీవికడ సముద్రమున గలియుచున్నది. నది మోయజాలని సరకులను పెరికె యెడ్లును బండ్లును మోసినవి. తీరము లేని ఈ మెట్టదేశమును ఏలినవారు ద్వీపాంతరములకు ఓడ నెక్కుటకై ఏ రేవును ఎన్నుకొనిరి, దేనిని చూచి ఎన్నుకొనిరి అను ప్రశ్న నన్ను చిరకాలముగా వెంటాడుచున్నది. నాకు తోచినంతవరకు వారు నీటిలోతును అంతగా చూడలేదు. మాటను చూచిరి, త్రోవను చూచిరి, గాలిని చూచిరి.

క్రీస్తుశకము 2వ శతాబ్దిలో టాలమీ వ్రాసిన భూగోళగ్రంథమున మన తీరము మైసోలియా యను పేర కనబడును. సువర్ణభూమికి పోవు నావికులు ఒడ్డు విడిచి నడికడలికి మరలు స్థానము ఈ తీరముననే కలదని ఆతడు చెప్పెను. ఆ చోటు ఏదో పండితులు నేటికిని తర్కించుకొనుచున్నారు గనుక దానిని వారికే విడిచి, శిలమీద అక్షరమున్న మోటుపల్లికి పోవుదము.

వర్ధమానపురమునుండి గోనవారు పాలమూరు సీమను ఏలుచు ఓరుగంటికి సామంతులై యున్న కాలమున, సముద్రమునకు దూరముగా కొలువుదీరిన గణపతిదేవ చక్రవర్తి, శకము 1166లో, అనగా 1244-45 ప్రాంతమున, మోటుపల్లిలో ఒక అభయశాసనమును వేయించెను. నా దృష్టిలో తెలుగుదేశపు శాసనములన్నింటిలో ఇంతటి మానవత్వము గలవి కొద్ది. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుచు తుపానుకు చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలాత్కారముగా అపహరించుచుండిరని అందు దాపరికము లేక చెప్పబడినది. ప్రాణములకంటె ధనమునే ప్రియముగా నెంచి సముద్రసాహసము చేయు వర్తకుని కష్టమును తలచి, దయతోను కీర్తికొఱకును ధర్మముకొఱకును, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కిన సర్వమును విడిచితిమని రాజు ప్రకటించెను. ఆ సుంకము ముప్పదింట నొక పాలు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టునూలు, మిరియములు, పోకలు; వీనిమీది పన్నులు వేర్వేరుగా చెక్కబడియున్నవి. దీవిలోని వర్తకుడు ఎన్నడును చూడని ఓరుగంటి ప్రభువును ఈ మాట మూలముననే యెఱిగెను. రేవు కట్టుటకు రాయి, సున్నము కంటె ముందు నమ్మకము కావలెనని గ్రహించిన రాజు మెట్టనేలవాడగుట నాకు గర్వకారణము. రెడ్డిరాజుల కాలమున 1358లో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో అట్టి వాగ్దానమునే మఱల శాసనముగా వేయించెను. సింహళాది దీవులతో వ్యాపారము చేసిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినదియు ఆ వంశము వారి పాలనలోనే.

కుతుబుషాహీల నాటికి మోటుపల్లి వెనుకబడి మచిలీపట్టణము ముందుకు వచ్చెను. బందరు అను పారసీకపదమునకు రేవు అనియే అర్థము. మనవారికి అది ఊరిపేరే అయినది, అనగా గోలకొండ ప్రజకు రేవనగా అదియొక్కటే. డచ్చివారు 1606 నాటికి అచ్చట కోఠీ పెట్టిరి. 1611లో గ్లోబు అను ఓడమీద ఇంగ్లీషువారు వచ్చిరి. నిజమునకు అది మంచి రేవు కాదు. ఒడ్డున మెరక, పెద్ద ఓడలు మైళ్ల దూరమున లంగరు వేసి నిలువవలెను. ఒడ్డునకును ఓడకును నడుమ మనుష్యులను మూటలను చేరవేయునది మసూలా పడవ. దానియందు ఇనుపమేకు ఒక్కటియు ఉండదు. పలకలను కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టి, కుట్టుల సందులలో పీచు కూరి చేసిన ఆ పడవ, కెరటము మీదపడినపుడు వంగునే గాని విరుగదు. మేకులు కొట్టిన గట్టి పడవ అదే కెరటమున ఇసుకకు తగిలి పగిలిపోవును.

ఇట్టి రేవును ఏల ఎన్నుకొనిరి? నల్లగొండ సీమలోని పానగల్లు మీదుగా రాజధానికి బండిబాట యుండెను. కృష్ణ యొడ్డున కొల్లూరు వజ్రములుండెను. అద్దకమునకు ఎఱుపునిచ్చు చిరివేరు ఆ తీరపు ఇసుకనేలలలో పండుచుండెను. ఇక గాలి మాట. 1618 మొదలుకొని 1622 వరకు అచ్చట నున్న మెథ్వోల్డు వ్రాసినదానిని బట్టి, పెగూకును సుమత్రా దీవిలోని అచేకును పోవు ఓడలు సెప్టెంబరులో బయలుదేరుచుండెను. ఎఱ్ఱసముద్రమున మోచాకు పోవునవి జనవరిలో. నైరుతిగాలి తుదిభాగము తూర్పుదీవులకు త్రోయును. ఈశాన్యగాలి లంకను చుట్టి పడమటికి పంపును. నడుమ అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల కాలము. చాటులేని ఆ తీరమున ఓడ నిలుచుటయే ప్రమాదము. కావున ప్రయాణికుడు రేవునే గాక నెలను గూడ ఎన్నుకొనవలసి యుండెను.

పిమ్మటి కథ దుఃఖకరము, సంక్షిప్తము. 1759లో ఫ్రెంచివారినుండి ఇంగ్లీషువారు బందరును గెలుచుకొనిరి. 1766 నాటి సంధి మొదలుకొని సర్కారుజిల్లాలను వారికి వదలుచు వచ్చిన నిజాము రాజ్యము క్రమముగా తీరము లేనిదయ్యెను. 1802 ఒడంబడికలో ఆ రేవును వాడుకొను హక్కు కాగితముమీద దక్కెను గాని, 1864 నవంబరు 1 నాటి ఉప్పెన రమారమి ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొనగా బందరు మఱల పూర్వవైభవమునకు రాలేదు. గోదావరి తీరపు కోరంగి 1789లోను 1839లోను తుపానులపాలయ్యెను. ఆ కోరంగినుండి మారిషసునకు కూలికి పోయిన తెలుగువారికి అచ్చట కొరింగీలను పేరు నిలిచినది. 1903 మొదలు ఫిజీకి పోయినవారు చెన్నపట్టణమున ఓడ నెక్కిరి. వీరెవ్వరును రేవును ఎన్నుకొన్నవారు కారు. ఏజెంటు ఏ డిపోకు తోలిన ఆ డిపో, ఏ ఓడకు ఎక్కించిన ఆ ఓడ. ఎక్కిన రేవు పేరే జాతిపేరై మనుమలకు సంక్రమించుటను తలచినపుడు నా మనస్సు కలగును.

నేడు జడ్చర్లనుండి అండమాను దీవులకు ఓడమీద పోదలచినవానికి చెన్నపట్టణమో విశాఖపట్టణమో గతి. డాల్ఫిన్ నోసు కొండ చాటున, రెండు పాత ఓడలను ముంచి కెరటములకు అడ్డుగట్టి, నేలను త్రవ్వి చేసిన విశాఖ రేవున 1933 అక్టోబరులో జలదుర్గ అను ఓడ ప్రవేశించెను; అచ్చట మసూలా పడవతో పనిలేదు, కాలు తడువకయే ఓడ నెక్కవచ్చును. జడ్చర్లలో తూర్పుబాట పట్టి, కల్వకుర్తి, మిర్యాలగూడ దాటి కోదాడ చేరిన ప్రయాణికుడు, అచ్చటినుండి బెజవాడ వఱకు పోవునది పాత బందరు బండ్లు పోయిన దిక్కే.