‘నీకెందుకు?’ అనే ప్రశ్నకు ఒక చరిత్ర

చరిత్ర రాజులది కాదు, ప్రజలది అని మన రచయితలు చాలా కాలంగా చెబుతున్నారు. మంచి మాటే. అయితే ఆ ప్రజల చరిత్రకు ఆధారాలు ఎక్కడున్నాయి, వాటిని చూడటానికి వెళ్లిన మామూలు మనిషికి ఏమెదురవుతుంది అన్న విషయం మీద మనం రాసింది తక్కువ. నేను ప్రొఫెసరునూ కాను, ప్లీడరునూ కాను. తడ ప్రాంతంలో భూమి చేతులు మారిన తీరు తెలుసుకోవాలని కొన్నేళ్లుగా కచేరీల చుట్టూ, రికార్డు గదుల చుట్టూ తిరుగుతున్నవాణ్ణి. దాదాపు ప్రతిచోటా మొదట ఎదురైంది ఒకే ప్రశ్న. మనిషిని బట్టి అది ‘తమరికెందుకండీ’ అవుతుంది, ‘నీకెందుకయ్యా’ అవుతుంది. ఒక కార్యాలయంలో నేనడిగిన రిజిస్టరు గుమాస్తా వెనకాల బీరువాలోనే ఉంది. అది తీయడానికి ముందు నా భూమి ఎంత, తగాదా ఎవరితో, నా వెనక ఎవరున్నారు అని ఆయన మూడు ప్రశ్నలు వేశాడు. భూమీ లేదు, తగాదా లేదు, వెనక ఎవరూ లేరు అన్నాక అనుమానం ఇంకా పెరిగింది. ఈ అనుమానాన్ని ఆ గుమాస్తా స్వభావం కింద జమకట్టి ఊరుకోలేం. దానికి రెండువందల ఏళ్లు దాటిన చరిత్ర ఉంది.

ముందు తడ సంగతి చూద్దాం. తడకు నెల్లూరు కంటే మద్రాసు దగ్గర. తూర్పున పులికాట్ సరస్సు, దక్షిణాన కొద్ది దూరం పోతే తమిళనాడు. ఈ ప్రాంతం చేరిన పోలూరు తాలూకా వెంకటగిరి జమీందారీలోనిది. కచేరీ సూళ్లూరుపేటలో ఉండేది. జిల్లా నెల్లూరు, పై అధికారమంతా మద్రాసు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలుకు పోయింది. 1956 నవంబరు 1న హైదరాబాదుకు పోయింది. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ సూచనల ప్రకారం రెండు రాష్ట్రాల సరిహద్దు సవరించినప్పుడు తిరుత్తణి అటు వెళ్లింది, తడకు పడమటనున్న సత్యవేడు ప్రాంతం చెంగల్పట్టు జిల్లా నుంచి చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2014లో రాష్ట్రం విడిపోయింది. 2022 ఏప్రిల్ 4న తడ నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది.

ఇన్ని మార్పుల్లోనూ ఊరు ఉన్నచోటే ఉంది. దాని కాగితం మాత్రం కచేరీ నుంచి కచేరీకి తిరిగింది. ఈనాడు ఇక్కడి ఒక చెరువు పోరంబోకు కథ మొదటినుంచీ తెలుసుకోవాలంటే తడ, సూళ్లూరుపేట, నెల్లూరు, తిరుపతి, మద్రాసు, అవసరమైతే హైదరాబాదు కూడా తిరగాలి. ఏ కాలపు కాగితం ఏ ఊళ్లో ఉందో చెప్పే పట్టిక ఏ పంచాయతీ గోడ మీదా నాకు కనపడలేదు. కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చే మనిషికి ఈ దూరమే మొదటి తాళం.

రెండో తాళం ఆ కాగితం పుట్టుకలోనే ఉంది. 1802లో కంపెనీ ప్రభుత్వం శాశ్వత శిస్తు బందోబస్తు తెచ్చింది. అదే ఏడు 29వ రెగ్యులేషనుతో కరణం పదవికి చట్టరూపం ఇచ్చింది. లెక్క రాసేవాడు కరణం. దాన్ని అడిగి తెప్పించుకునేవాళ్లు జమీందారు, కలెక్టరు, కోర్టు. ఎవడి పొలం గురించి ఆ లెక్క రాశారో వాడు ఆ లెక్కకు పాఠకుడు కాడు. శిస్తు వసూలు కోసం పుట్టిన కాగితానికి రైతు ఒక అంకె.

మద్రాసులో ఎగ్మూరు రికార్డు ఆఫీసు భవనం 1909 నాటిది. 1973లో దాని పేరు తమిళనాడు ఆర్కైవ్స్ అయింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాల పాత పాలన చరిత్ర రాయాలంటే ఆ మెట్లు ఎక్కవలసిందే. అక్కడి రెవెన్యూ బోర్డు సంపుటాలు తిరగేస్తే పాలన ఎలా నడిచిందో వాటి అమరికే చెబుతుంది. కింది అధికారి రాసిన నివేదిక, దాని మీద కలెక్టరు లేఖ, ఆపైన బోర్డు ఉత్తర్వు. రైతు పెట్టుకున్న అర్జీ ఉంటే ఎక్కడో అడుగున, జతపరచిన కాగితంగా, అదీ ఇంగ్లీషు సారాంశంగా. అతని మాట అతని భాషలో దొరకడం అరుదు.

మనకు దగ్గరి ఉదాహరణ శ్రీహరికోట. 1835లో ప్రభుత్వం ఆ దీవిని తన చేతికింద పెట్టుకుంది. కావలసింది మద్రాసు పట్టణానికి వంటచెరకు. అక్కడి యానాదులు సర్కారు రాతల్లోకి ఎక్కింది అడవి సరుకు ఏరి తెచ్చే చేతులుగానే. ఎంత తెచ్చారు, ప్రతిఫలంగా ఏమిచ్చారు అన్నది లెక్కకెక్కింది. ఆ ఏర్పాటు గురించి వాళ్లేమనుకున్నారో ఎవరూ అడగలేదు. 1969లో అదే దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ లేచింది. ఆ ప్రయోగం తేదీ, గంట అందరికీ దొరుకుతాయి. దీవి విడిచిన యానాది కుటుంబం కథ రాయాలంటే మాత్రం నివేదికల అంచుల్లో వెతకాలి.

అలాగని ఆర్కైవ్స్ అంటే పాలకుల గొంతు ఒక్కటే అని తేల్చేయడం తొందరపాటు. జనం కదిలినప్పుడు కాగితం స్వభావం కూడా మారింది. వెంకటగిరి జమీందారీ రైతులు ముప్ఫైలలో పెద్దఎత్తున ఉద్యమించారు. నెల్లూరు వెంకట్రామానాయుడు ‘జమీన్ రైతు’ పత్రిక నడిపింది ఆ రైతుల పక్షానే. ఆ ఒత్తిడి ఫలితంగానే మద్రాసు ప్రభుత్వం టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ భూముల విచారణ సంఘం వేసింది. 1938లో వచ్చిన ఆ నివేదికలో జమీందార్ల వాదనలతో పాటు రైతుల వాంగ్మూలాలూ అచ్చయ్యాయి. భూమికి హక్కుదారు సాగుచేసే రైతేనని సంఘం నిర్ణయించింది. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. ఆ తరువాత జరిగిన సర్వే, సెటిల్మెంటుల్లోంచి పుట్టిందే నేటికీ మన కచేరీల్లో వినపడే సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్. అంటే ఈనాడు రైతు చేతికి అందకుండా బీరువాలో ఉన్న ఆ పుస్తకం వెనక రైతు పోరాటమే ఉంది. మన సాహిత్య విద్యార్థుల్లో ప్రకాశం ఆత్మకథ చదివినవాళ్లు చాలామంది. ఆయన సంఘం నివేదిక తిరగేసినవాళ్లు ఎందరు?

ఇక చట్టాల సంగతి. ‘నీకెందుకు’ అనే ప్రశ్నకు చట్టం ఒక్కోచోట ఒక్కో జవాబు చెప్పింది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటో నంబరు పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. ఆస్తి కొనేవాడికి, అప్పిచ్చేవాడికి అది అవసరం కాబట్టి వలస ప్రభుత్వం ఆ తలుపు తెరిచింది. తన సొంత ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి 1923లో అధికార రహస్యాల చట్టం తెచ్చింది. అది నేటికీ అమలులో ఉంది. స్వతంత్రం వచ్చిన 46 ఏళ్లకు, 1993లో, కేంద్ర ప్రభుత్వ రికార్డుల కోసం పబ్లిక్ రికార్డుల చట్టం చేశారు. ముప్ఫై ఏళ్లు దాటిన కాగితాలను ఎవరికి చూపవచ్చు అన్నచోట అది వాడిన మాట ‘నిజమైన పరిశోధకుడు’. పౌరుడు అనలేదు. పొలం పోయినవాడు, ఊరి కథ రాసుకునేవాడు, అమ్మమ్మ ఊరు వెతుక్కునేవాడు తాము నిజమైన పరిశోధకులమని ఎవరి చేత రాయించుకు రావాలి?

ఆ పరిస్థితిని మార్చింది రాజస్థాన్ పల్లెల కూలిజనం. కరువు పనుల మస్టరు రోళ్లలో దొంగపేర్లున్నాయని, లెక్కలు చూపమని అడిగారు. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. దాని 6వ సెక్షను రెండో ఉపవిభాగం ప్రకారం దరఖాస్తుదారు కారణం చెప్పనక్కర్లేదు. ‘నీకెందుకు’ అని అడగరాదని మన దేశంలో చట్టమే చెప్పింది. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామస్థాయి దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. వ్యక్తిగత సమాచారం పేరుతో నిరాకరించే వీలును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం విస్తరించింది. ఈ సవరణను మనం వ్యతిరేకించాలి. అయితే 8వ సెక్షను మూడో ఉపవిభాగం వల్ల 20 ఏళ్లు దాటిన సంగతులకు ఆ అడ్డు వర్తించదు. చరిత్ర రాసేవాళ్లు ఈ నిబంధనను నోటికి నేర్చుకోవాలి.

చట్టం తెరిచినా భాష మూస్తుంది. 1966లో తెలుగును అధికారభాషగా చేశారు. ఐనా కచేరీ తెలుగు చదవడానికి తెలుగు వస్తే చాలదు. ఫసలీ, జమాబందీ, షరా, ఖరాబు, దరఖాస్తు పట్టా - ఈ మాటల్లో నవాబుల నాటి పారసీ ఉంది, కంపెనీ దుబాసీల చెయ్యి ఉంది. 1984 జనవరిలో వంశపారంపర్య గ్రామాధికారులను తొలగించినప్పుడు ఒక పెత్తనం పోయింది. అది పోవలసిందే. కాని ఆ లిపి, ఆ లెక్క చదివే విద్యను జనానికి అప్పగించిన ఏర్పాటు లేదు. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఏడాది జూలైలో ఏ ఇంగ్లీషు సంవత్సరమో తెలుస్తుంది. ఫసలీ 1357 అంటే 1947 జూలై నుంచి 1948 జూన్ దాకా. ఇంత చిన్న కిటుకు తెలియక ఎందరో రైతులు తమ తాత పేరున్న కాగితాన్ని చేతిలో పెట్టుకునే ఇంకొకరి ముఖం చూస్తున్నారు.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూమి ఫైళ్లు కాలిపోయాయి. కారణం సంగతి దర్యాప్తుకు వదిలేద్దాం. ఆ తరువాత అర్జీలు పట్టుకుని జనం బారులు తీరడం చూశాం. ఫైలుకు ఒక్కటే ప్రతి ఉండి, అది ఒక్క గదిలో ఉండి, అందులో ఏముందో ఊరికి తెలియకపోతే ఒక్క రాత్రిలో ఒక తాలూకా చరిత్ర పోతుంది. నకలు పదిమంది దగ్గర ఉన్న కాగితాన్ని తగలబెట్టినా ప్రయోజనం లేదు, అది అంటుకున్నా నష్టం లేదు.

రచయితల సంఘాలకు నా సూచన ఒకటే. ప్రతి శాఖ తన పరిధిలో ఒక ఊరిని తీసుకోవాలి. ఆ ఊరి అడంగల్, సెటిల్మెంటు రిజిస్టరు, ఒకటో నంబరు పుస్తకం, ఆర్కైవ్స్‌లో దొరికిన అర్జీలు - వీటి నకళ్లు చట్టప్రకారం అడిగి తీసుకోవాలి. కచేరీ మాటలకు అర్థాలు రాసి, ఆ నకళ్లను ఊరి గ్రంథాలయంలో పెట్టాలి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించి, కాగితంలో లేనిది వాళ్ల నోట విని రాసుకోవాలి. యానాది వాడలో ఆ రెండో పనే ముందు చేయాలి. రైతు మీద కథ రాసే మనం, కనీసం ఒక రైతు అర్జీ వెనక నడిచి అది ఏ బల్ల మీద ఆగిందో చూసి వస్తే, మన కథకూ బలం, ఆ అర్జీకీ బలం.