దూరం నుంచి కాపలా: నెట్‌వర్క్ పర్యవేక్షణ పద్ధతుల చారిత్రక పరిణామం (1969–2002)

ప్రవేశిక

సమాచార సాధనాల చరిత్రను ఆవిష్కర్తల కథగా చెప్పడం పరిపాటి. ఆ సాధనాలను రేయింబవళ్లు పనిచేయించిన నిర్వహణ వ్యవస్థలకు అందులో చోటు తక్కువ. వందల మైళ్ల దూరంలో, మనిషి తోడు లేకుండా ఉన్న యంత్రం చెడిపోయిందని తెలుసుకోవడం ఎలా? ఈ ప్రశ్నలో మొదటి నుంచీ ఒక చిక్కు ఉంది. నెట్‌వర్క్ చెడిందన్న వార్త కూడా సాధారణంగా ఆ నెట్‌వర్క్ మీదుగానే రావాలి. ఈ చిక్కుకు మూడు దశల్లో దొరికిన మూడు సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పర్యవేక్షణ భారాన్ని ఎవరు మోయాలన్న నిర్ణయమే వాటిని వేరుచేసే అసలు అంశమని ప్రతిపాదిస్తుంది.

తానే చెప్పుకునే యంత్రం

1969లో అమెరికా రక్షణశాఖకు చెందిన ఆర్పా నిధులతో ఆర్పానెట్ మొదలైంది. అందులో ప్రతి కూడలిలోనూ ఐఎంపి అనే చిన్న కంప్యూటరు ఉండేది. వాటిని నిర్మించిన బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థే మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో నియంత్రణ కేంద్రాన్ని నడిపింది. ప్రతి ఐఎంపి సుమారు నిమిషానికొకసారి తన స్థితినీ, తనను కలిపే లైన్ల స్థితినీ ఆ కేంద్రానికి తెలియజేసేది. దేశానికి అవతలి కొసన లైను దెబ్బతింటే, ఆ సంగతి టెలిఫోను కంపెనీ కన్నా ముందు కేంబ్రిడ్జిలో తెలిసిన సందర్భాలున్నాయి. పరికరం బాగోగులు పక్కనున్నవారికే ముందు తెలుస్తాయన్న అనుభవం ఇక్కడ తలకిందులైంది. యంత్రాలన్నీ ఒకే సంస్థ తయారీ కావడం, వాటి కాపలా కూడా ఆ సంస్థదే కావడం దీనికి ఆధారం.

1980 అక్టోబరు 27న ఆర్పానెట్ కొన్ని గంటలపాటు స్తంభించింది. ఎరిక్ రోజెన్ 1981 జులైలో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సి 789 ఈ ఘటనకు ముఖ్యమైన ప్రాథమిక ఆధారం. హార్డ్‌వేరు లోపం వల్ల బిట్లు జారిపోయి, 50వ నంబరు ఐఎంపి పేరిట వెలువడిన స్థితి సందేశం 44, 40, 8 అనే మూడు క్రమసంఖ్యలతో తిరగసాగింది. 63 తర్వాత లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది కనుక, 8 కన్నా 40, 40 కన్నా 44, 44 కన్నా 8 కొత్తవిగా యంత్రాలు భావించాయి. ఏదీ పాతది కాని ఆ సందేశాలను పంచుకోవడంతోనే వాటికి తీరిక లేకపోయింది. ఆ ఐఎంపి సందేశాలను పట్టించుకోకుండా ప్రోగ్రామును సవరించాకే నెట్‌వర్క్ కోలుకుంది. ఇవి దారుల ఎంపిక కోసం ఐఎంపిలు తమలో తాము పంచుకున్న సందేశాలే గాని, నియంత్రణ కేంద్రానికి వెళ్లే నివేదికలు కావు. అయినా స్థితిని చాటే సందేశాలే నెట్‌వర్క్‌ను ముంచగలవని ఈ ఘటన నిరూపించింది.

అడిగితే చెప్పే యంత్రం

1980ల ద్వితీయార్ధానికి అంతర్జాలంలో అనేక సంస్థల రౌటర్లు, అనేకమంది యజమానులు చేరారు. ఒకే సంస్థ కాపలా ఇక సాధ్యం కాదు. అందరి పరికరాలకూ ఉమ్మడి భాష కావలసివచ్చింది. టెనెస్సీ, కార్నెల్ విశ్వవిద్యాలయాలు, రెన్సెలేర్ పాలిటెక్నిక్, ప్రోటియాన్ కంపెనీలకు చెందిన నలుగురు 1987 నవంబరులో ఎస్‌జిఎంపిని ప్రకటించారు. దాని నుంచి 1988 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సి 1067 రూపంలో ఎస్‌ఎన్‌ఎంపి వెలువడింది. ఇందులో పరికరం ప్రధానంగా కొన్ని లెక్కలను ఉంచుకుని, అడిగినప్పుడు చెబుతుంది. అడగకుండా పంపే హెచ్చరికలు బహు కొద్ది. అడగడం, పోల్చడం, తీర్పు చెప్పడం కేంద్రం పని.

1988 ఏప్రిల్ నాటి ఆర్‌ఎఫ్‌సి 1052 దీనిని స్వల్పకాలిక ఏర్పాటుగానే సిఫారసు చేసింది. దీర్ఘకాలానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ రూపొందిస్తున్న సిఎంఐపి వైపు చూసింది. కానీ అంతర్జాలంలో తాత్కాలికమే నిలిచింది. సరళతే దీనికి కారణమని సాధారణంగా చెబుతారు. ఆ సరళత పరికరం వైపు నుంచి చూసినప్పటిదే. భారం పరికరం నుంచి కేంద్రానికి మారింది, తయారీదారుకు పని తేలికైంది. భద్రత మాత్రం వాయిదా పడింది. అనుమతికి గుర్తయిన ‘కమ్యూనిటీ’ పేరు ఏ రహస్య లిపీ లేకుండా ప్రయాణించేది. చాలా పరికరాల్లో అది ‘పబ్లిక్’ అన్న మాటే.

గుర్తుంచుకునే యంత్రం

అడిగే దారి తెగిపోతే ఈ పద్ధతి మూగబోతుంది. 1991 నవంబరులో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ వాల్డ్‌బుసర్ ఆర్‌ఎఫ్‌సి 1271లో ప్రతిపాదించిన ఆర్‌మాన్ ఈ లోటును పూరించింది. దూరపు ఈథర్‌నెట్‌లో ‘ప్రోబ్’ అనే పరికరం కాపు కాస్తుంది. కేంద్రంతో సంబంధం లేని వేళల్లోనూ లెక్కలు సేకరించి, దారి తెరుచుకున్నాక అప్పగిస్తుంది. కేంద్రానికి తరలిన భారంలో కొంత, ముఖ్యంగా జ్ఞాపకం, తిరిగి స్థానిక పరికరానికి చేరిందన్నమాట.

ముగింపు

వాయిదా వేసిన భద్రత తన మూల్యాన్ని తరువాత వసూలు చేసుకుంది. ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయ పరిశోధకులు అనేక సంస్థల ఎస్‌ఎన్‌ఎంపి అమలులో కనుగొన్న లోపాలపై 2002 ఫిబ్రవరిలో సెర్ట్ హెచ్చరిక వెలువడింది. గుర్తింపు, రహస్య లిపి గల మూడో రూపం అదే ఏడాది డిసెంబరులో పూర్తి ప్రమాణంగా వెలువడింది. చెప్పడం, అడగడం, గుర్తుంచుకోవడం అనే మూడు పద్ధతులూ ఒకదాన్నొకటి తొలగించలేదు. ఒకదాని లోటును మరొకటి పూరించాయి. భారం చేతులు మారిన ప్రతిసారీ కొత్త బలహీనత ఒకటి బయటపడింది. తాత్కాలిక ఏర్పాటు శాశ్వతమైనప్పుడు, దానిని తాత్కాలికమని భావించి వదిలేసిన అంశాలు కూడా శాశ్వత సమస్యలుగా మారతాయి. సాంకేతిక చరిత్రను అధ్యయనం చేసేవారు ప్రమాణ పత్రాలలోని నిర్ణయాలతో పాటు వాయిదాలను కూడా చదవవలసిన అవసరాన్ని ఈ ఉదంతం తెలుపుతుంది.