విమానముల మరమ్మతు లెక్క

1942లో బ్రిటిషు వైమానిక దళమునకు చెందిన కోస్టల్ కమాండ్‌కు విమానముల కొరత తీవ్రముగా నుండెను. అట్లాంటిక్ మహాసముద్రముమీద ఆహారమును, ఆయుధములను తెచ్చు ఓడలను జర్మను జలాంతర్గాములు ముంచివేయుచుండెను. వాటిని పట్టుకొనుటకు విమానములు గంటల తరబడి గస్తీ తిరుగవలెను. క్రొత్త విమానములు కావలసినన్ని దొరకవు. ఉన్నవాటితోనే గస్తీ గంటలను పెంచుట ఎట్లు?

ఆ కాలమున ఒక నియమముండెను: ప్రతి స్క్వాడ్రనులోను నూటికి 75 విమానములు ఎల్లప్పుడును ఎగురుటకు సిద్ధముగా నుండవలెను. వినుటకు బాగుగనే యున్నది. కాని ఎగిరిన విమానము చెడును, లేదా తనిఖీకి వచ్చును. అట్లయినచో సిద్ధముగా నున్న విమానముల సంఖ్యను పెంచుటకు సులభమార్గము వాటిని ఎగురనీయకుండుటయే గదా!

సెసిల్ గోర్డన్ ఈ చిక్కును విడదీసెను. ఆయన జన్యుశాస్త్రవేత్త, డ్రోసోఫిలా అను పండ్ల ఈగలపై పరిశోధించినవాడు. ఈగ జీవితమును దశలుగా విభజించినట్లే, విమానము ఎగురుచు, మరమ్మతుకై వేచియుండి, మరమ్మతులో నుండి, సిద్ధమై ఊరక నిలిచి గడపు కాలములను వేరువేరుగ లెక్కించెను. మెకానిక్కుల శ్రమయే అసలు హద్దని తేలెను.

ఒక గంట ఎగురుటకు 20 పని-గంటల మరమ్మతు కావలెననుకొందము. మెకానిక్కులందరివి కలిపి దినమునకు 400 పని-గంటలున్నచో, సగటున 20 గంటలే ఎగురవచ్చును. విమానములు 10 ఉన్నను, 15 ఉన్నను ఆ హద్దు మారదు. ఈ ఆయవ్యయ పట్టికలో మరొక చిక్కు గలదు. మిగిలిన ధనమును పెట్టెలో దాచుకొనవచ్చును. మెకానిక్కు ఊరక కూర్చున్న గంటను దాచలేము. కావున అతనికొరకు కొన్ని విమానములు వరుసలో వేచియుండుటయే మేలు.

1942లో 502వ స్క్వాడ్రనులో ఈ పద్ధతిని పరీక్షించిరి. ఒక్కొక్క విమానము ఎగిరిన గంటలు దాదాపు రెట్టింపయ్యెను.

మరొక వింత. లిబరేటర్ విమానములకు ప్రతి 50 గంటలకు తనిఖీ జరుగుచుండెను. తనిఖీ తరువాత లోపములు తగ్గవలెను. కాని జీవశాస్త్రవేత్త వాడింగ్టన్ బృందపు లెక్కలలో, తనిఖీ ముగిసిన వెంటనే లోపములు హెచ్చుగా నుండి, గంటలు గడచినకొలది తగ్గుచు వచ్చెను. సరిగా నడచుచున్న యంత్రమును విప్పి బిగించుటలోనే కొన్ని లోపములు పుట్టుచుండెను! తనిఖీల నడుమ వ్యవధిని పెంచుటయే దీనికి మందు.

వాడింగ్టన్ ఈ చరిత్రను 1946లోనే వ్రాసెను. అది రహస్యముగా నుండి 1973లో గాని అచ్చు కాలేదు. ఇటువంటి సంగతినే అమెరికా పౌరవిమాన సంస్థలు తమ లెక్కలనుండి మరల కనుగొనెను. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నౌలన్, హీప్ అనువారు 1978లో ప్రకటించిన నివేదిక ప్రకారము, పరిశీలించిన విమాన భాగములలో నూటికి 89 భాగములకు ఇన్ని గంటలకు మార్చవలెనను గడువు వలన ప్రయోజనము లేదు.