పెంకుల గుట్ట కింద ఐదో పావు

రోముకు వెళ్లినవాళ్లు ఏడు కొండల పేర్లు చదువుకుని వెళ్తారు. ఎనిమిదో గుట్ట ఒకటుంది. అది భూమి పుట్టినప్పుడు పుట్టింది కాదు, హమాలీలు మోసి పోసింది. నగరానికి దక్షిణంగా, టైబర్ నది ఒడ్డున ఉన్న టెస్టాచ్చో అనే పేటలో ఉంది. ఎత్తు దాదాపు 35 మీటర్లు, చుట్టుకొలత కిలోమీటరు దాకా ఉంటుంది. పైన గడ్డి, పొదలు, కొనమీద ఒక శిలువ. దూరం నుంచి చూస్తే మన ఊళ్లలో కనిపించే మామూలు గుట్టలాగే ఉంటుంది. దగ్గరికి వెళ్లి, వానకు కోసుకుపోయిన చోట చూస్తే మట్టి కనపడదు. అన్నీ కుండ పెంకులే, అడుగు నుంచి కొన దాకా.

అవి నూనె జాడీల పెంకులు. ఇప్పటి స్పెయిన్‌లోని ఆండలూసియా ప్రాంతాన్ని రోమన్లు బైటికా అనేవారు. అక్కడ ఆడించిన ఆలివ్ నూనె రెండు చెవుల మట్టి జాడీల్లో సముద్రం దాటి వచ్చేది. ఉత్తర ఆఫ్రికా నుంచి కూడా కొంత వచ్చేది. స్పెయిన్ జాడీ ఒక్కోదానిలో 70 లీటర్ల దాకా నూనె పట్టేది. ఖాళీ జాడీయే సుమారు 30 కిలోలు. అంటే నిండు జాడీ దాదాపు మన పాత గోదాముల్లో ఉండే క్వింటాలు బస్తా అంత బరువు. టైబర్ రేవులో దించి, నూనె వంపుకున్నాక ఆ జాడీ దేనికీ పనికొచ్చేది కాదు. గోడల్లోకి ఇంకిన నూనె కనరెక్కి కంపుకొట్టేది. అందుకని రేవు వెనకనున్న ఖాళీ జాగాకు చేరవేసి, పగలగొట్టి, అరలు అరలుగా పేర్చారు. వాసన రాకుండా పైన సున్నం చల్లారు. ఈ గుట్టలో కనీసం 5 కోట్ల 30 లక్షల జాడీలు ఉంటాయని పండితుల అంచనా.

నేను పౌరసరఫరాల శాఖలో గోదాముల లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. కాలేజీ నాటి మిత్రులతో కలిసి రోము వెళ్లినప్పుడు, గుట్ట ఎక్కడానికి ముందుగా అనుమతి తీసుకుందామని పట్టుబట్టింది నేనే. "ఏరా, అంత పెద్ద కొలోసియం పెట్టుకుని ఈ పెంకులకోసమా ఇంత దూరం లాక్కొచ్చావు?" అన్నాడు హనుమకొండ మిత్రుడు. ఎందుకో చెబుతాను.

1872లో హైన్రిఖ్ డ్రెస్సెల్ అనే జర్మన్ పండితుడు ఈ పెంకుల మీది రాతలను చదవడం మొదలుపెట్టాడు. జాడీ మెడ మీద, భుజం మీద కుంచెతో రాసిన అక్షరాలు అవి. ఖాళీ జాడీ బరువు ఎంత, పోసిన నూనె బరువు ఎంత, పంపిన వ్యాపారి ఎవరు, ఏ ఊళ్లో తనిఖీ అయింది, చూసిన ఉద్యోగి ఎవరు, ఏ సంవత్సరం. సంవత్సరాన్ని ఆ ఏడు పదవిలో ఉన్న కాన్సుల్‌ల పేర్లతో రాసేవారు. ఇవి చదువుతుంటే నాకు కొత్త విషయంలా అనిపించలేదు. గోనె సంచి బరువు తీసేసి నికర బరువు రాయడం, మిల్లు పేరు, లాటు నంబరు, తనిఖీ సంతకం, ఇదంతా నేను ఉద్యోగకాలమంతా చూసిన రిజిస్టరే. దొంగతనం జరగకుండా ఒక రాజ్యం ఏమేం రాసుకోవాలో వాళ్లకు రెండు వేల ఏళ్ల కిందటే తెలుసు.

తెలియక తప్పదు మరి. రోము నగరం తన తిండి తాను పండించుకునే దశ ఎప్పుడో దాటిపోయింది. చక్రవర్తి అగస్టస్ కాలంలో, క్రీ.పూ. 2 నాటికి, ఉచిత గోధుమలు అందుకునే పౌరులే రెండు లక్షలకు పైగా ఉన్నారు. ఆ సరఫరా వ్యవస్థను అన్నోనా అనేవారు. క్రీ.శ. మూడో శతాబ్ది మొదట్లో చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ నూనెను కూడా ఉచిత పంపిణీలో చేర్చాడని పాత చరిత్రకారులు రాశారు. పెంకులు దానికి దగ్గరి సాక్ష్యమే చెబుతున్నాయి. ఆ కాలపు జాడీల మీద ప్రైవేటు వ్యాపారి పేరు ఉండాల్సిన చోట ప్రభుత్వ ఖజానా పేరు కనిపిస్తుంది. గుట్ట ఇలా పెరుగుతున్న కాలంలోనే మన నేలను శాతవాహనులు, ఆ తర్వాత ఇక్ష్వాకులు ఏలుతున్నారు. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరకడం చదువుకున్నవాళ్లకు ఈ రెండు లోకాలు మరీ అంత దూరం కాదని తెలుసు.

అయితే ఆ రాతల్లో ఒక్క పేరు మాత్రం లేదు. రేవులో జాడీ దించినవాడి పేరు. వ్యాపారి ఉన్నాడు, అధికారి ఉన్నాడు, కాన్సుల్ ఉన్నాడు. హమాలీ లేడు. మా రిజిస్టర్లలోనూ హమాలీ చార్జీ అని ఒక గడి ఉండేది, మనిషి ఉండేవాడు కాదు. టెస్టాచ్చో గురించి నేను రాయాలనుకున్నది అందుకే. ఇక్కడ రాజ్యం రాసుకున్న చరిత్ర గుట్టలో ఉంది. కూలీల చరిత్ర తిండిలో ఉంది.

మధ్యయుగంలో ఈ గుట్ట కార్నివాల్ వినోదాలకు వేదికైంది. బతికున్న పందులను బండ్లకు కట్టి కొన మీది నుంచి కిందికి దొర్లించేవారు. బండి ముక్కలయ్యాక కింద కాచుకున్న జనం ఆ మాంసంకోసం కలబడేవారు. ఈ ఆటలకయ్యే ఖర్చును రోములోని యూదుల నుంచి బలవంతంగా పన్ను రూపంలో వసూలు చేశారు. వేడుక ఒకరిది, డబ్బు ఇంకొకరిది, కొట్లాడి తినే గతి మరొకరిది. ఆ తర్వాతి కాలంలో పెంకుల సందుల్లోంచి వీచే చల్లగాలిని కనిపెట్టి, గుట్ట అడుగున గుహలు తొలిచి ద్రాక్షసారా పీపాలు దాచుకున్నారు. అక్టోబరులో నగరం జనమంతా ఇక్కడికి వచ్చి తాగి, తిని, ఆడి పాడేవారు. ఆ గుహల ముందే క్రమంగా పూటకూళ్ల అంగళ్లు వెలిశాయి.

అసలు మలుపు 1870 తర్వాత వచ్చింది. ఐక్య ఇటలీకి రోము రాజధాని అయింది. కొత్త రాజధానికి కార్యాలయాలు, వీధులు, ఇళ్లు కావాలి. వాటిని కట్టే, ఆ జనానికి తిండి అందించే కూలీలు కావాలి. వాళ్లను ఉంచే చోటు ఊరి మధ్యన కాకుండా ఒక పక్కన ఉండాలి. ఆ పక్కే టెస్టాచ్చో. ప్రాచీన రేవు ఉన్న చోటే కొత్త పారిశ్రామిక పేట లేచింది. జోవక్కీనో ఎర్సోక్ అనే వాస్తుశిల్పి గీసిన పథకం ప్రకారం 1888 నుంచి 1891 వరకు గుట్టకు ఎదురుగా కబేళా కట్టారు. ఆ కాలానికి అది ఆధునికమైన కట్టడం. వరసగా షెడ్లు, ఇనుప స్తంభాలు, తల మీద పట్టాలు, వాటికి వేలాడే కొక్కేలు. ముఖద్వారం మీద ఎద్దును పడగొడుతున్న రెక్కల దేవత బొమ్మ. కూలీల ఇళ్లు మాత్రం అంత శ్రద్ధగా కట్టలేదు. ఒక్కో గదిలో కుటుంబాలు ఇరుక్కుని బతికాయి. డొమెనికో ఒరానో అనే పరిశోధకుడు ఈ పేట బతుకును ఇల్లిల్లూ తిరిగి పరిశీలించి 1912లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించాడు.

కబేళాలో పశువును నాలుగు పావులుగా కోసేవారు. ఆ నాలుగూ డబ్బున్నవాళ్ల వంటిళ్లకు వెళ్లేవి. మిగిలింది తోక, పేగులు, పొట్ట, తల, నాలుక, గుండె, కార్జం, ఊపిరితిత్తులు. రోమన్లు దీన్ని ఐదో పావు అంటారు. తోలు ఒలిచే పనివాళ్లకు కూలీలో కొంత భాగం డబ్బుగా కాకుండా ఈ ఐదో పావుగా ముట్టేది. వాళ్లు దాన్ని ఇంటికి తీసుకుపోయేవారు, లేదా ఎదురుగా గుట్ట కింది పూటకూళ్ల అంగడికి ఇచ్చి వండించుకునేవారు. 1887 నుంచి నడుస్తున్న కెక్కీనో అనే భోజనశాల అలాంటి అంగడే. దాని సారా గది ఇప్పటికీ పెంకుల గుట్ట లోపలే ఉంది.

కూలీగా వచ్చిన ముక్కను నోటికి హితవుగా మార్చడానికి వాళ్లు పెట్టిన శ్రమ ఆ వంటల్లో తెలుస్తుంది. తోక గట్టిది, ఎముకే ఎక్కువ. దాన్ని టమాటాతో, చాలా సెలరీతో గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికిస్తారు. కొందరు చివర్లో ఎండుద్రాక్ష, పైన్ గింజలు, చిటికెడు కోకో వేస్తారు. పొట్టను టమాటాలో వండి, పుదీనా జాతి ఆకు, గొర్రెపాల చీజు చల్లుతారు. అది శనివారం వంట. పాయాత అనేది పాలు తాగే దూడ పేగు. లోపలి పాలను కడిగెయ్యకుండా, చుట్టలుగా కట్టి వండితే ఆ పాలు లోపలే విరిగి మెత్తని చీజులా మారతాయి. దాన్ని గొట్టాల్లాంటి రిగతోనీ పాస్తాతో కలిపి తింటారు.

మేం భోజనానికి కూర్చున్నప్పుడు ఇద్దరం పొట్ట కూర, తోక కూర చెప్పాం. ఒకతను పశుమాంసం తినడు. అతను చీజు, మిరియాలు వేసిన పాస్తా, ఆర్టిచోక్ కూర చెప్పుకున్నాడు. ఎవరి పళ్లెం వాళ్లది. పొట్ట కూర మొదటి ముద్ద తినగానే హనుమకొండ మిత్రుడు, "ఇది మా నాయనమ్మ బోటీ కూరేరా, కారం ఒక్కటే తక్కువ" అన్నాడు. తర్వాత చాలాసేపు మా మాటలన్నీ ఆవిడ గురించే. బోటీని సున్నం రాసి వేడినీళ్లతో కడిగి కడిగి తెల్లగా చేసిన చేతుల గురించి, ఆ కూర వండిన రోజున కొందరు వాళ్ల గడప తొక్కకపోవడం గురించి. ఏ ఊళ్లోనైనా ఈ తిండికి రుచి తర్వాతి సంగతి. ముందు అది ఎవరి వంతుకు వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఉంటుంది.

కబేళా 1975లో మూతపడింది. షెడ్లలో ఇప్పుడు కళాప్రదర్శనలు జరుగుతున్నాయి, ఒక విశ్వవిద్యాలయం వాస్తుశిల్ప విభాగం నడుస్తోంది. పశువులకు పిచ్చి ఆవు వ్యాధి వచ్చినప్పుడు, 2001లో, యూరప్‌లో ఆవుదూడ పేగును నిషేధించారు. పాయాతను గొర్రెపిల్ల పేగుతో చేసి నెట్టుకొచ్చారు. 2015లో నిషేధం ఎత్తేశాక అసలుది తిరిగి వచ్చింది. 2012లో పేటలోని పాత బజారు కొత్త కట్టడంలోకి మారింది. దాని పునాదుల్లో కూడా రోమన్ గోదాముల ఆనవాళ్లే బయటపడ్డాయి. తోక కూర ఇప్పుడు తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, ఒకప్పటి కూలీ ఊహించలేని ధరకు వస్తోంది.

ధర పెరిగినందుకు నాకు అభ్యంతరం లేదు. ఒక కూలీ వంటకు గౌరవం దక్కింది, అది మంచిదే. నాకు పట్టుదల ఒక్క విషయంలో ఉంది. ఈ వంటలను పేదరికంలో పుట్టిన తెలివి అని మెచ్చుకుని వదిలేస్తే, కూలీ డబ్బులో కొంత ఎగ్గొట్టిన సంగతి కనుమరుగైపోతుంది. తోకలో రుచి ఉందని కాదు వాళ్లు తోక తిన్నది, జీతంలో వచ్చింది కాబట్టి. ఆ జీతాన్ని ఎవరు నిర్ణయించారు, డబ్బు బదులు మాంసం ఇవ్వడం ఎవరికి లాభించింది అన్నవి వంటతో పాటు చెప్పుకోవాల్సిన మాటలు. రోము వెళ్లే మిత్రులకు నేను ఇదే చెబుతున్నాను. టెస్టాచ్చోకు ఒక పూట కేటాయించండి. ముందు గుట్ట ఎక్కండి, తర్వాత కబేళా కొక్కేల కింద నడవండి, ఆ తర్వాతే భోజనానికి కూర్చోండి. ఆ వరసలో చూస్తే పళ్లెంలో ఉన్నదాన్ని కూలీ లెక్కగా కూడా చదవగలుగుతారు. ఆ లెక్కను రాజ్యం వాళ్ల తరఫున రాసి పెట్టలేదు.