డిఫ్యూజన్ ఎం.ఆర్.ఐ.లో బి-విలువ

కణజాలంలో నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో కొలిచి, ఆ తేడాలను చిత్రంగా చూపే పద్ధతి డిఫ్యూజన్ ఎం.ఆర్.ఐ. 1965లో స్టెయ్‌స్కల్, టానర్ ప్రతిపాదించిన జంట గ్రేడియంట్ పల్సులే దీనికి ఆధారం. మొదటి పల్సు నీటి అణువుల్లోని ప్రోటాన్ల దశను చెదరగొడితే రెండోది సరిచేస్తుంది. ఈలోగా చోటు మారిన అణువుల దశ పూర్తిగా సరికాదు, ఆ మేరకు సంకేతం తగ్గుతుంది. కదలిక పట్ల ఈ కొలతకు ఉండే సున్నితత్వమే బి-విలువ. గ్రేడియంటు బలం, వ్యవధి, రెండు పల్సుల మధ్య ఎడం దాన్ని నిర్ణయిస్తాయి.

బి-విలువ పెంచితే కణజాలాల మధ్య తేడా స్పష్టమవుతుంది, కానీ సంకేతం సన్నగిల్లుతుంది. మెదడులో నీటి విసరణ (డిఫ్యూజన్) గుణకం సెకనుకు సుమారు 0.00075 చదరపు మిల్లీమీటర్లు. బి-విలువ 1,000 దగ్గర దాదాపు 47 శాతం సంకేతం మిగులుతుంది, 3,000 దగ్గర మిగిలేది 10 శాతమే. అంత బలహీన సంకేతం నాయిస్‌లో కలిసిపోతే గుణకం అసలుకన్నా తక్కువగా కనబడుతుంది. చిత్రం చూడటానికి బాగానే ఉంటుంది కనుక ఈ పొరపాటును పట్టుకోవడం కష్టం.

రెండు బి-విలువలతో, సమాన సంఖ్యలో కొలిచేటప్పుడు, వాటి మధ్య తేడానూ గుణకాన్నీ హెచ్చిస్తే 1.1 దగ్గర వచ్చినప్పుడు దోషం అతి తక్కువ. ఆ లెక్కన మెదడుకు సుమారు 1,500 కావాలి. అయితే బి-విలువ పెంచాలంటే ఎక్కువసేపు గ్రేడియంట్లు నడపాలి, సంకేతం అందేదాకా పట్టే ఎకో సమయం పెరుగుతుంది, ఆ వ్యవధిలో సహజంగా జరిగే టి2 క్షయం సంకేతాన్ని మరింత తినేస్తుంది. అందుకే వాడుకలో 1,000 స్థిరపడింది. పక్షవాతం వచ్చిన తొలి గంటల్లోనే దెబ్బతిన్న భాగం దీనితో ప్రకాశవంతంగా కనిపిస్తుంది. ఈ పద్ధతికి వైద్యంలో ఇంతకన్నా విలువైన ఉపయోగం లేదనవచ్చు. కేశనాళికల్లోని రక్త ప్రవాహం కూడా చిన్న బి-విలువల దగ్గర విసరణలాగే కనబడుతుంది. కాబట్టి కాలేయంలో, ప్రోస్టేటులో సున్నాకు బదులు 50-100 నుంచి మొదలుపెట్టడం మేలు.

మెదడులోని తెల్ల పదార్థంలో నీరు నరాల తంతువుల వెంట సులువుగానూ, అడ్డంగా కష్టంగానూ కదులుతుంది. ఒక్క దిశలోని కొలత అక్కడ తప్పుదోవ పట్టిస్తుంది. సగటు విలువకు పరస్పరం లంబంగా ఉన్న 3 దిశలు చాలు. తంతువుల దారి నమ్మకంగా గీయాలంటే కనీసం 30 దిశలు కావాలన్నది స్థిరపడిన సిఫారసు.

వేర్వేరు యంత్రాల కొలతలను పోల్చేముందు వాటిని మంచునీటితో సరిచూడాలి. 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి విసరణ గుణకం సెకనుకు 0.0011 చదరపు మిల్లీమీటర్లు.