గీజరు అలిగిన వేళ

గీజరు అన్న మాట ఇంగ్లీషువాళ్ళు మనకి వదిలిపెట్టి వెళ్ళిన సామాన్లలో ఒకటి. నిజానికి అది వాళ్ళ సొంతమూ కాదు, అరువు సరుకే. ఐస్‌లాండ్ దీవిలో గేసిర్ అని ఒక వేడినీటి బుగ్గ ఉంది. ఒకప్పుడు భూమి కడుపులోంచి సలసల కాగే నీళ్ళని తాటిచెట్లకంటే ఎత్తుకి చిమ్ముతూ ఉండేది. ఇప్పుడు వయసు మళ్ళినట్టుంది, ఎప్పుడో గాని కదలదు. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన, ఇళ్ళకి రంగులు వేసి అలంకరించడం ఆయన వృత్తి, గ్యాసు మంటతో స్నానానికి నీళ్ళు కాచే యంత్రం ఒకటి తయారుచేసి దానికి ఆ బుగ్గ పేరు పెట్టుకున్నాడు. బుగ్గ ముసలిదైపోయినా పేరు మాత్రం మన స్నానాల గదుల గోడలకి వేలాడుతూనే ఉంది.

అమెరికాలో ఈ మాట స్నానాల గదిలోకి రాలేదు. అక్కడ గైజర్ అంటే బుగ్గే. యెల్లోస్టోన్ అడవుల్లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అని పేరుపడ్డ బుగ్గ ఒకటుంది. 1870లో ఆ ప్రాంతాన్ని చూడవచ్చిన అన్వేషకులు, చెప్పిన మాట తప్పకుండా చిమ్ముతున్నదని మెచ్చుకుని దానికా పేరు పెట్టారు. మనవాళ్ళు అక్కడికి వెళ్ళి, "మా బండిలో గీజరు ఆగిపోయిందండీ" అని ఎవరితోనన్నా అన్నారనుకోండి, ఆ పెద్దమనిషి ముందు బుగ్గ వైపు చూస్తాడు, తరవాత మన వైపు చూస్తాడు.

బండిలో గీజరేమిటి అంటారేమో. అమెరికాలో మోటారు ఇళ్ళని ఉంటాయి. మంచం, వంటగది, స్నానాల గది అన్నీ బస్సులాంటి బండిలోనే. ఈ సరదా ఇవాళ్టిది కాదు. 1910లోనే న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో పియర్స్ ఆరో కంపెనీవారు ఇలాంటి కారొకటి చూపించారు. వెనక సీటు విప్పితే పడక, డ్రైవరు సీటు వీపులోంచి మడత విప్పితే ముఖం కడుక్కునే తొట్టి! 1919లో ఫ్లోరిడా రాష్ట్రం టాంపాలో ఇలాంటి షికారు మనుషులు సంఘం కూడా పెట్టుకున్నారు. రేడియేటరు మూత మీద రేకు డబ్బా ఒకటి తగిలించుకోవడం వాళ్ళ గుర్తు. 1966లో అయొవా రాష్ట్రంలో విన్నిబాగో కంపెనీవారు మోటారు ఇళ్ళు చెయ్యడం మొదలుపెట్టాక, కలవారి ముచ్చట కాస్తా మధ్యతరగతి సెలవుల వినోదమైంది. ఇప్పుడు అక్కడున్న మన తెలుగు కుటుంబాలు కూడా వేసవిలో వీటిని అద్దెకు తీసుకుని, ఆవకాయ సీసాతో సహా బయలుదేరుతున్నాయి.

ఆ బండి పక్కగోడలో, బయటినుంచి తెరుచుకునే చిన్న తలుపు వెనకాల, 6 గాలన్లు, అంటే సుమారు 23 లీటర్లు పట్టే తొట్టి ఉంటుంది. ప్రొపేన్ గ్యాసు మంట దాన్ని కాస్తుంది. కొన్నింటికి కరెంటు కడ్డీ కూడా ఉంటుంది. ఈ గీజరు ఓ చలి పొద్దున అలకపాన్పు ఎక్కిందంటే, ఊరికి దూరంగా, మెకానిక్కు దొరకని చోట ఏం చెయ్యాలి? మెకానిక్కు అయితే స్క్రూడ్రైవరుతో మొదలుపెడతాడు. మనం చరిత్రతో మొదలుపెడదాం. ఈ పెట్టెలో ఉన్న ఒక్కొక్క భాగమూ ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క అవసరానికో, ఒక్కొక్క ప్రమాదానికో పుట్టింది. అది ఎందుకు పుట్టిందో తెలిస్తే ఎందుకు అలిగిందో తెలియడం కష్టం కాదు.

మొదటిది నీళ్ళు. రెండువేల ఏళ్ళ కిందట రోము దేశంలో విట్రూవియస్ అనే వాస్తు పండితుడు స్నానశాలల గురించి రాస్తూ, కొలిమి మీద మూడు కంచు పాత్రలు అమర్చమన్నాడు: వేడికొకటి, గోరువెచ్చనకొకటి, చన్నీళ్ళకొకటి. వేడిపాత్రలోంచి ఎంత నీరు పోతే అంత నీరు గోరువెచ్చని పాత్రలోంచి వచ్చి చేరాలి. పాత్ర ఎప్పుడూ ఖాళీ కాకూడదన్నమాట. మన ఇళ్ళల్లో ఒకప్పుడు రాగి బాయిలర్లు ఉండేవి గుర్తుందా? మధ్యలో గొట్టం, అందులో బొగ్గులో కొబ్బరిచిప్పలో వేసి అంటించడం, చుట్టూ నీళ్ళు. "ముందు నీళ్ళు పోసి తరవాత నిప్పు వెయ్యవే" అని ముసలమ్మలు రోజూ హెచ్చరించేవారు. నీళ్ళు లేకుండా నిప్పు వేస్తే మాటు కరిగి బాయిలరు కారిపోయేది. మోటారు ఇంట్లోనూ అదే శాస్త్రం. ఖాళీ తొట్టిలో కరెంటు కడ్డీకి స్విచ్చి వేస్తే నిమిషాల్లో మాడి ఊరుకుంటుంది. అంచేత ముందు వేడినీళ్ళ కొళాయి తిప్పి చూడాలి. ధార గట్టిగా వస్తేనే తక్కిన పరీక్షలు.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. చలికాలంలో గొట్టాల్లో నీరు గడ్డకట్టి పగిలిపోకుండా అక్కడివాళ్ళు గడ్డకట్టని మందు నీళ్ళు ఎక్కిస్తారు. ఆ మందు తొట్టి నిండా వృథా కాకుండా గీజరుని తప్పించి పోయే పక్కదారి కవాటం ఒకటి పెడతారు. వేసవి వచ్చాక దాన్ని మళ్ళీ తిప్పడం మరిచిపోతే, మంట మండుతూనే ఉంటుంది, కొళాయిలో మాత్రం చన్నీళ్ళే వస్తాయి. చెడింది గీజరు కాదు, దారి.

రెండోది గ్యాసు. 1910లో వాల్టర్ స్నెల్లింగ్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త, పెట్రోల్లోంచి ఆవిరై ఎగిరిపోతున్నదేమిటా అని ఆరా తీస్తే అందులో ప్రొపేన్ దొరికింది. సీసాలో పట్టిన నిప్పు దొరికాక పొయ్యికి చక్రాలు కట్టుకోవడం సులువైంది. ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీలు దిగువన కూడా ఆవిరవుతుంది. దాని చెల్లెలు బ్యూటేన్ మాత్రం సున్నా దగ్గరే మొండికేస్తుంది. యూరపులో బ్యూటేన్ సీసాతో శీతకాలం కొండలెక్కినవాళ్ళకి తెల్లారేసరికి గీజరు వెలగకపోవడానికి కారణం అదే. సీసా నిండుగానే ఉంటుంది, గ్యాసు రాదు. కనుక గీజరు విప్పేముందు వంట స్టవ్వు వెలిగించి చూడండి. అదీ వెలగకపోతే జబ్బు సీసాదే. సీసా కొత్తగా మార్చి ఉంటే గొట్టంలో గాలి చేరి ఉంటుంది. స్టవ్వు కాసేపు మండితే ఆ గాలి పోతుంది.

గ్యాసు వాసన వస్తోందా, అయితే ఈ పరీక్షలన్నీ కట్టిపెట్టి, స్విచ్చి ముట్టకుండా అందరూ బయటికి నడవాలి. సీసా బయటే ఉంటుంది, దాని మూత కట్టెయ్యాలి. అసలు ప్రొపేన్‌కి వాసన లేదు సుమండీ. ఆ కుళ్ళు కంపు మనుషులు కలిపింది. 1937 మార్చి 18న టెక్సస్ రాష్ట్రం న్యూ లండన్ అనే ఊళ్ళో, బడి నేల కింద వాసనలేని సహజ వాయువు కారి పేరుకుపోయింది. ఎవరికీ తెలియలేదు. ఒక కరెంటు పనిముట్టు నిప్పురవ్వకి బడి మొత్తం లేచిపోయింది. దాదాపు 300 మంది పోయారు, చాలామంది పిల్లలే. ఆ ఏడే టెక్సస్‌లో గ్యాసుకి వాసన కలిపి తీరాలని చట్టం వచ్చింది. మనం ముక్కు మూసుకునే ఆ కంపు వెనక ఒక బడి పిల్లలున్నారు.

మూడోది కాపలా. 1821లో జర్మనీలో సీబెక్ అనే శాస్త్రజ్ఞుడు రెండు వేర్వేరు లోహాలని కలిపి ఒక కొస వేడిచేస్తే చుట్టులో అయస్కాంతం లాంటి శక్తి పుడుతుందని కనిపెట్టాడు. పాత గీజర్లలో చిన్న దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. ఆ దీపం సెగకి సీబెక్ జోడు పుట్టించే కాస్తంత కరెంటే, వోల్టులో నలభయ్యో వంతు, గ్యాసు తలుపుని తెరిచి పట్టుకునేది. దీపం ఆరితే కరెంటు పోయి తలుపు మూసుకునేది. కొత్తవాటిలో దీపం లేదు. స్విచ్చి వెయ్యగానే చిన్న సర్క్యూటు బోర్డు గ్యాసు వదిలి, టకటకమని నిప్పురవ్వలు కొట్టి, మంట గుండా సన్నని కరెంటు పారుతోందా అని చూస్తుంది. మంట విద్యుత్తుని పారనిస్తుందని చాలామందికి తెలియదు. కొన్ని సెకన్లలో మంట జాడ లేకపోతే గ్యాసు కట్టేసి, ఎర్రదీపం వెలిగించి కూర్చుంటుంది. బ్యాటరీ నీరసించినా, తీగ కొసకి తుప్పు పట్టినా, నిప్పుముల్లు మీద మసి చేరినా ఇదే వరస. బ్యాటరీ చూసుకుని, ఫ్యూజు చూసుకుని, ఆ ముల్లుని శుభ్రంగా తుడిస్తే చాలాసార్లు అలక తీరుతుంది.

నాలుగోది గాలి. మన మాన్‌గారి గీజరుకి పొగగొట్టం లేదు. మంట తాలూకు వేడిగాలులన్నీ స్నానాల గదిలోకే వచ్చేవి. గ్యాసు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్ర వచ్చినట్టు ఉండి మనిషి లేవడు. అమెరికాకి వలసవెళ్ళిన నార్వే ఇంజనీరు ఎడ్విన్ రూడ్, 1889లో పిట్స్‌బర్గులో దానంతట అది నడిచే తొట్టి గీజరు రూపొందించాడు. ఇప్పటి మోటారు ఇంట్లో మంటా పొగా రెండూ బండి గోడకి బయటి వైపే. అయితే ఆ సన్నని గొట్టమంటే సాలీళ్ళకీ కందిరీగలకీ మహా ఇష్టం. శీతకాలం బండి ఊరికే పడి ఉంటే అందులో గూళ్ళు కట్టేస్తాయి. గాలి తగ్గి, నీలంగా ఉండాల్సిన మంట పసుపు పచ్చగా, బద్ధకంగా ఊగుతుంది. గొట్టాన్ని సన్నని బ్రష్షుతో దులపడం చిన్నపనే. పసుపు మంటని చూసీ చూడనట్టు ఊరుకోవడమే పెద్ద తప్పు.

అయిదోది హద్దు. 1830లో ఆండ్రూ యూర్ అనే స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడు, రెండు లోహాల పట్టీ వేడికి వంగడాన్ని వాడుకుని నూలుమిల్లుల్లో వేడిని అదుపుచేసే సాధనం చేశాడు. థర్మోస్టాట్ అన్న పేరు కూడా ఆయన పెట్టిందే. మోటారు ఇంటి గీజర్లలో సాధారణంగా 60 డిగ్రీల దగ్గర ఒకటి మంట ఆపుతుంది. అది పనిచెయ్యకపోతే 82 డిగ్రీల దగ్గర రెండోది అడ్డుపడుతుంది. ఆ రెండోది పడితే చల్లారాక బొత్తం నొక్కి మళ్ళీ నిలబెట్టాలి. మాటిమాటికీ పడుతోందంటే మొదటివాడు నిద్రపోతున్నాడని అర్థం. దాన్ని మార్చాలి.

ఆఖరిది ఆవిరి. 1679లో ఫ్రెంచివాడు డెనీ పాపిన్ మూతబిగించిన వంటపాత్ర చేశాడు. అది పేలకుండా దానికి బరువుతో నొక్కిపట్టిన కవాటం పెట్టాడు. మన కుక్కరు మీద ఈలవేసే బరువుకి ముత్తాత అది. గీజరుకీ అలాంటిదుంది. సుమారు 99 డిగ్రీల వేడికో, చదరపు అంగుళానికి 150 పౌన్ల ఒత్తిడికో తెరుచుకుంటుంది. దానినుంచి నీటిచుక్కలు కారుతుంటే చాలామంది గాబరాపడతారు. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి. తొట్టి పైభాగాన ఉండాల్సిన గాలి తగ్గిపోతే ఉబ్బడానికి చోటు లేక అలా కారతాయి. గీజరు పూర్తిగా చల్లార్చి, నీటి పంపు ఆపి, వేడి కొళాయి తెరిచి, కవాటం మీట ఎత్తి నీరు ఆగేదాకా వదిలితే గాలి మళ్ళీ చేరుతుంది.

సరిగ్గా ఈ చోటే కొందరు తెలివితేటలు చూపిస్తారు. కారే కవాటానికి బిరడా బిగించేస్తారు. పడిపోయే కట్‌ఆఫ్‌ని తప్పించి తీగ కలిపేస్తారు. ఆ రోజుకి వేడినీళ్ళు వస్తాయి, మెకానిక్కు డబ్బులు మిగులుతాయి. కాని పక్కగోడకి అవతల పిల్లలు పడుకునే చోట, మూడు వందల ఏళ్ళుగా మనుషులు ఒక్కొక్క మెట్టే కట్టుకున్న గోడని ఒక్క ముక్క తీగతో పడగొట్టడం అది. బిరడా బిగించిన తొట్టి బాయిలరు కాదు, బాంబు.

కాబట్టి గీజరు ఆగిపోయిందంటే చెడిపోయిందని అనుకోనక్కర్లేదు. చాలాసార్లు అది తన పని తాను చేస్తోంది. నీళ్ళు లేవనో, మంట లేదనో, గాలి చాలదనో, వేడి మీరిందనో చెబుతోంది. అల్లుడు అలిగినా అంతే గదా! నోరు నొక్కేస్తే అలక తీరదు. ఎందుకలిగాడో కనుక్కుని అది ఇచ్చేస్తే, ఇంటిల్లిపాదీ హాయిగా తలంట్లు పోసుకోవచ్చు.